విశాఖ తీరంలో చేపలను కొలిచిన వైద్యుడు – పాట్రిక్ రస్సెల్

రక్తపింజరి పేరు వినని తెలుగువారు ఉండరు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ పామునే రసెల్స్ వైపర్ అంటారు. ఆ పేరులోని రస్సెల్ ఎవరు? పాముల మీద పుస్తకం రాసిన స్కాట్లాండ్ వైద్యుడు డాక్టర్ పాట్రిక్ రస్సెల్ అని చాలామందికి తెలుసు. అయితే ఆయన విశాఖపట్నంలో కాపురమున్నారనీ, అక్కడి సముద్రపు చేపల మీద కూడా ఒక గొప్ప పుస్తకం తయారుచేశారనీ, అందులో చేపలకు తెలుగు పేర్లే పెట్టారనీ తెలిసినవారు తక్కువ. సూరత్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులం మేము. ఈ సంవత్సరం మన పత్రిక తెలుగు పుటల కోసం ఆయన జీవితాన్నీ, చేప పొడవుకూ బరువుకూ ఉన్న సంబంధాన్నీ కలిపి చెప్పాలనుకున్నాం. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

పాట్రిక్ రస్సెల్ సుమారు 1726లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో పుట్టారు. తండ్రి న్యాయవాది. ఇంట్లో చాలామంది అన్నదమ్ములు. పాట్రిక్ ఎడిన్‌బరోలోనే వైద్యం చదివారు. సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ అప్పటికే సిరియాలోని అలెప్పో నగరంలో వైద్యుడు. అక్కడ లెవాంట్ కంపెనీ అనే ఇంగ్లీషు వర్తక సంఘానికి ఒక కోఠీ ఉండేది. 1750లో పాట్రిక్ అన్న దగ్గరికి వెళ్ళారు. 1753లో అన్న స్వదేశానికి తిరిగి వెళ్ళడంతో ఆయన స్థానంలో తమ్ముడు వైద్యుడయ్యారు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. ఆయన మీద గౌరవం కొద్దీ అలెప్పో పాషా ఆయనకు తలపాగా ధరించే మర్యాద ఇచ్చాడు.

1760 నుంచి 1762 వరకు అలెప్పోలో ప్లేగు వచ్చింది. ప్లేగు అంటే ఏమిటో మన సూరత్ వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. 1994లో ఇక్కడ ఆ భయం పుట్టినప్పుడు ఎన్ని కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళాయో ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. రస్సెల్ ఊరు విడిచిపోలేదు. రోగులను చూస్తూ, జబ్బు ఎలా మొదలైంది, ఎన్నాళ్ళు ఉంది, ఎవరు కోలుకున్నారు, ఎవరు పోయారు అన్నవన్నీ రాసిపెట్టుకున్నారు. అప్పటికి ప్లేగుకు మందు లేదు, సూక్ష్మజీవి సంగతీ ఎవరికీ తెలియదు. అయినా చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాసి ఉంచితే తర్వాతివారికి పనికొస్తుందని ఆయన నమ్మకం. ఆ రాతలన్నీ ముప్పై ఏళ్ళ తర్వాత, 1791లో, ప్లేగు మీద పెద్ద గ్రంథంగా వెలువడ్డాయి. ఈ అలవాటే తర్వాత విశాఖలోనూ ఆయనకు తోడయింది.

సిరియా నుంచి తిరిగివచ్చాక రస్సెల్ లండన్‌లో స్థిరపడ్డారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. ఇక విశ్రాంతిగా ఉండవలసిన వయసు. అయితే తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్ట్ ఇండియా కంపెనీలో విశాఖపట్నం అధికారిగా ఉద్యోగం వచ్చింది. కంపెనీ ఓడ మొదట 1608లో లంగరు వేసింది మన సూరత్ తీరాననే. ఆ తర్వాత నూట డెబ్బై ఏళ్ళలో దాని అధికారం తూర్పు తీరమంతటా పాకింది. తమ్ముడి ఆరోగ్యం సంగతి చూసుకోవడానికి అన్న కూడా ఓడ ఎక్కారు. 1781లో బయలుదేరినప్పుడు పాట్రిక్ వయసు యాభై దాటింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు.

విశాఖపట్నంలో మొదట ఆయనకు ఉద్యోగమేమీ లేదు. చుట్టుపక్కల మొక్కలను, జంతువులను చూస్తూ, ఊరివాళ్ళను అడుగుతూ కాలం గడిపారు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ చనిపోవడంతో ఆ పని రస్సెల్‌కు అప్పగించారు. ఉద్యోగం మొక్కల కోసమైనా ఆయన దృష్టి పాముల మీదికి కూడా వెళ్ళింది. పాముకాటుతో మనుషులు చనిపోతుంటే ఏది విషప్పామో ఏది కాదో తెలుసుకునే దారి లేకపోవడం వైద్యుడిగా ఆయనను కలవరపెట్టింది. ఒక్కొక్క పాము పొడవు కొలిచారు, చుట్టుకొలత తీశారు, పొట్ట మీది పొలుసులు లెక్కపెట్టారు. విషం తీవ్రత తెలుసుకోవడానికి కుక్కల మీద, కోళ్ళ మీద ప్రయోగాలు చేశారు. ఈ రోజు చదివితే అది మనకు బాధ కలిగిస్తుంది. పాములకు ఆయన వాడిన పేర్లు ఇక్కడివే. రక్తపింజరిని కాటుక రేకుల పొడ అన్నారు. ఆయన రాసిన బంగారు పాము పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఆ పాముల పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది.

ఇక చేపల సంగతి. విశాఖ ఒడ్డున తెల్లవారేసరికి తెప్పలు వచ్చేవి. ఎన్ని రకాల చేపలో! రస్సెల్‌కు వాటిలో చాలామట్టుకు కొత్తవి. వాటి పేర్లు చెప్పగలిగింది జాలరులే. వేడి ప్రాంతంలో పట్టిన చేప ఎక్కువసేపు నిలవదు. రంగు కొద్దిసేపటికే మారిపోతుంది, ఎండ ముదిరితే కుళ్ళిపోతుంది. అందుచేత చేప తాజాగా ఉన్నప్పుడే బొమ్మ వేయించాలి, అప్పుడే కొలవాలి. బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. రస్సెల్ ప్రతి చేప తల, దవడ, పళ్ళు, పొలుసులు పరీక్షించి రాశారు. రెక్కల్లోని ముళ్ళను, పుల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. పొడవు ఎన్ని అంగుళాలో రాశారు. పైన జాలరి చెప్పిన పేరు రాశారు.

ఆయన 1789లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు. ఆయన స్థానంలోకి ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ వచ్చారు. చేపల పుస్తకం 1803లో రెండు సంపుటాలుగా అచ్చయింది. కోరమాండల్ తీరాన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు అని దాని పేరుకు అర్థం. అప్పటికి రస్సెల్‌కు డెబ్బై అయిదేళ్ళు దాటాయి. రెండేళ్ళ తర్వాత, 1805 జులై 2న, ఆయన లండన్‌లో కన్నుమూశారు.

ఆ పుస్తకంలోని పేర్లను చూస్తే మనకు నవ్వూ వస్తుంది, సంతోషమూ కలుగుతుంది. చందువను ఆయన సందావా అని విన్నారు. తెల్ల చందువ తెల్లా సందావా అయింది, నల్ల చందువ నాలా సందావా అయింది. సూరత్ బజారులో పాప్లెట్ అని అడిగి కొనే చేప ఇదే. పండుగప్పను పండూమీనూ అన్నారు. మాగ చేప మాగాగానే ఉండిపోయింది. ఇక్కడివాళ్ళు బుమ్లా అని ఎండబెట్టుకునే చేపను మన తీరంలో వనమట్ట అంటారు. అది రస్సెల్ పుస్తకంలో వానా మొత్తా. రిబ్బన్‌లా పొడవుగా, వెండిలా మెరిసే సావళ్ళను సవాలా అన్నారు. గోదావరిలోకి ఎదురీదితే పులస అనీ, సముద్రంలో ఉంటే పొలస అనీ మనం పిలిచే చేప పాలసా అయింది. ఇదే చేప వానాకాలంలో సూరత్‌కు ఉత్తరాన భరూచ్ దగ్గర నర్మదలోకి కూడా ఎదురెక్కుతుంది.

ఫ్రాన్సు దేశపు గొప్ప శాస్త్రజ్ఞుడు కూవియే విశాఖకు ఎప్పుడూ రాలేదు. రస్సెల్ బొమ్మలను, వర్ణనలను ఆధారం చేసుకొని 1829లో రిబ్బన్ చేపల్లో ఒక జాతికి సవాలా అని, పొలసకు పాలసా అని లాటిన్ పేర్లు పెట్టారు. సవాలా పేరు నేటికీ నిలిచి ఉంది. పాలసా నిలవలేదు. గంగానది చేపల మీద రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోనే ఆ చేపకు బెంగాలీవారి ఇలిష్ మీదుగా పేరు పెట్టి ఉన్నారు. శాస్త్రంలో ముందు పెట్టిన పేరుదే హక్కు. ఏడేళ్ళ తేడాతో మన పొలస పేరు వెనక్కి పోయింది.

ఇప్పుడు పొడవు, బరువు సంగతికి వద్దాం. రస్సెల్ రాసిపెట్టిన అంగుళాలతో ఈ రోజు మనకేం పని? చాలా పని ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పది సెంటీమీటర్ల చేప ఒకటి 12 గ్రాములు తూగుతుందనుకుందాం. అదే జాతిలో ఇరవై సెంటీమీటర్ల చేప ఎంత తూగుతుంది? పొడవు రెట్టింపు కదా, 24 గ్రాములు అని చాలామంది చెబుతారు. మా తరగతిలోనూ ఎక్కువమంది అదే చెప్పారు. కానీ చేప పెరిగినప్పుడు పొడవు ఒక్కటే పెరగదు. వెడల్పు పెరుగుతుంది, మందమూ పెరుగుతుంది. మూడూ రెట్టింపు అయితే శరీరం 2 × 2 × 2, అంటే 8 రెట్లు అవుతుంది. కాబట్టి ఇరవై సెంటీమీటర్ల చేప సుమారు 96 గ్రాములు ఉంటుంది. ముప్పై సెంటీమీటర్ల చేప 27 రెట్లు, అంటే 324 గ్రాములు. బరువు పొడవు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నమాట. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో పరిమాణం పెరిగితే శరీరాలు ఎలా మారాలో చెప్పినప్పుడు వాడిన సూత్రం కూడా ఇలాంటిదే.

అయితే నిజమైన చేప గణితం పుస్తకంలోని ఘనంలా పెరగదు. కొన్ని జాతులు పెరిగేకొద్దీ లావెక్కుతాయి, కొన్ని సన్నబడతాయి. అందుకే శాస్త్రజ్ఞులు సూత్రంలో మూడు అనే ఘాతానికి బదులు బి అనే అక్షరం పెట్టుకున్నారు. పొడవును బి ఘాతానికి పెంచి, దాన్ని ఎ అనే స్థిరాంకంతో గుణిస్తే బరువు వస్తుంది. ఎక్కువ చేపల్లో బి విలువ 2.5కూ 3.5కూ మధ్య, చాలావరకు 3కు దగ్గరలోనే ఉంటుంది. ఎ విలువ చేప ఆకారాన్ని బట్టి మారుతుంది. సన్నగా రిబ్బన్‌లా ఉండే సావళ్ళకు అది బాగా తక్కువ, పళ్ళెంలా ఉండే చందువకు ఎక్కువ. అందుకే మూరెడు పొడవున్న రిబ్బన్ చేప కంటే జానెడు చందువ ఎక్కువ తూగుతుంది. స్కాట్లాండ్‌కే చెందిన ఫుల్టన్ 1904లో ఉత్తర సముద్రపు చేపలను వేల సంఖ్యలో కొలిచి, తూచి, ఘన సూత్రం అన్ని చేపలకూ ఒకేలా సరిపోదని చూపారు. జాతిని బట్టి, చోటును బట్టి, కాలాన్ని బట్టి తేడా వస్తుందన్నారు. 1951లో లె క్రెన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని ఒక సరస్సు చేపలతో ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేశారు.

ఒకే పొడవున్న రెండు చేపల్లో ఒకటి ఎక్కువ తూగితే దానికి తిండి బాగా దొరికిందని గానీ, కడుపులో గుడ్లు ఉన్నాయని గానీ అర్థం. గుడ్లతో నది ఎక్కే పొలస బరువుగా ఉంటుంది. గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగి వెళ్ళే పొలస అదే పొడవులో తేలికగా ఉంటుంది. రుచిలో తేడా పులస కొనేవారికి తెలుసు. ఆరోగ్యంలో తేడా తక్కెడకు తెలుస్తుంది.

మన దేశంలాంటి వేడి ప్రాంతాల్లో పొడవు కొలత మరింత ముఖ్యం. చలి దేశాల్లో చలికాలం చేప ఎదుగుదల మందగిస్తుంది, ఎండాకాలం పుంజుకుంటుంది. ఆ గుర్తులు పొలుసుల మీద వలయాల్లా పడతాయి. చెట్టు మొదలు చూసి వయసు చెప్పినట్టు వాటిని బట్టి చేప వయసు చెప్పవచ్చు. మన సముద్రాల్లో ఏడాది పొడవునా నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ వలయాలు అంత స్పష్టంగా ఏర్పడవు. అందుకే ఇక్కడి శాస్త్రజ్ఞులు ఒడ్డుకు వచ్చిన చేపల పొడవులను నెలనెలా కొలిచి, వాటి నుంచి ఎదుగుదలను లెక్కగడతారు. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేసే ముఖ్యమైన పనుల్లో ఇదొకటి. దాని ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. విశాఖపట్నంలోనూ, మన గుజరాత్‌లోని వెరావల్‌లోనూ దాని కేంద్రాలు ఉన్నాయి.

ఈ లెక్కలో ఒక హెచ్చరిక కూడా ఉంది. సగం పొడవున్న చేప బరువు ఎనిమిదో వంతు అని చూశాం. ఎదిగిన చేప ఒకటి తూగే బరువు రావాలంటే సగం పొడవున్న పిల్లలు ఎనిమిది కావాలి. సన్న కన్నుల వలతో పిల్ల చేపలను ఊడ్చి తెస్తే బుట్ట బరువు అంతే ఉంటుంది, పోయిన ప్రాణాలు మాత్రం ఎనిమిది రెట్లు. అవి ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉండవు. వాటిని వదిలేసి ఉంటే వాటిలో కొన్నయినా ఎదిగి, గుడ్లు పెట్టి, తర్వాత వలలో పడి ఉండేవి. జాలరికి నష్టం, సముద్రానికీ నష్టం. వల కన్ను ఇంతకంటే చిన్నదిగా ఉండకూడదని, ఫలానా పొడవు లోపు చేపను పట్టకూడదని నియమాలు పెట్టడానికి ఆధారం ఈ కొలతలే.

ఇప్పుడు రస్సెల్ అంగుళాల విలువ తెలుస్తుంది. ఒక జాతికి ఎ, బి విలువలు తెలిస్తే చాలు, పొడవు నుంచి బరువు లెక్కకట్టవచ్చు. ఫిష్‌బేస్ అనే అంతర్జాతీయ చేపల సమాచార కోశంలో ఇప్పుడు వేల జాతులకు ఈ విలువలు దొరుకుతాయి. రెండు వందల ఏళ్ళ కిందట విశాఖ ఒడ్డున పడిన చేప సుమారు ఎంత తూగి ఉంటుందో ఈ రోజు మన తరగతి గదిలో కూర్చుని చెప్పవచ్చు. ఒక్క చేప కొలతతో అప్పటి సముద్రమంతా ఎలా ఉండేదో తేల్చలేం, నిజమే. కానీ జాతి పేరు, పట్టిన చోటు, పొడవు మూడూ రాసి ఉన్నాయి కాబట్టి కనీసం ఆ మాత్రమైనా చెప్పగలుగుతున్నాం. ఈ సూత్రం సంగతి రస్సెల్‌కు తెలియదు. తన కొలతలను తర్వాతివారు ఏ లెక్కకు వాడతారో కూడా ఆయనకు తెలియదు. అయినా శ్రద్ధగా కొలిచి రాశారు.

ఈ పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు ఇంకొకరిని తలచుకోకపోతే న్యాయం కాదు. రెండు వందల చేపలను వల వేసి తెచ్చి, పేరు పేరునా చెప్పింది విశాఖ జాలరులు. రంగులు చెడకముందే బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారులు. అట్ట మీద ఉన్నది రస్సెల్ పేరు ఒక్కటే. ఆ జాలరులు, ఆ చిత్రకారులు ఎవరో మనకు తెలియకుండా పోయింది. వాళ్ళ నోటి మాట మాత్రం పోలేదు. ఎందుకంటే రస్సెల్ ఆ పేర్లను తీసేసి తన భాషలో పేర్లు పెట్టలేదు. విన్నవి విన్నట్టు రాసుకున్నారు. ఉచ్చారణ కాస్త వంకరపోయినా, చందువ అన్న మాట 1803లో లండన్‌లో అచ్చయిందంటే కారణం అదే.

సూరత్‌లో పెరుగుతున్న మనలో చాలామందికి పాప్లెట్ తెలుసు, చందువ తెలియదు. బుమ్లా తెలుసు, వనమట్ట తెలియదు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఉన్న ఊరి మాట నేర్చుకోవడం మంచిదే. అయితే నానమ్మను, అమ్మమ్మను అడిగితే చెప్పే పేర్లు ఇంకా ఉన్నాయి. వాటిని ఎవరూ రాసుకోకపోతే మన తర్వాత వాటిని అడగడానికి మనుషులు ఉండరు.

అందుకే ఈ సెలవుల్లో మన తెలుగు పుటల పాఠకులందరినీ ఒక పని చేయమని కోరుతున్నాం. ఇంటికి చేప వచ్చినప్పుడు వండకముందే ముట్టె కొన నుంచి తోక చివర వరకు స్కేలుతో కొలవండి. వంటింటి త్రాసు మీద తూచండి. తేదీ, కొన్న చోటు, తెలుగు పేరు, గుజరాతీ పేరు రాయండి. ప్రతిసారీ ఒకే తీరుగా కొలవండి, ఒకసారి తోకతో, ఒకసారి తోక లేకుండా కొలిస్తే లెక్క కుదరదు. కడుపు శుభ్రం చేయకముందే తూచడం మరవకండి. ఒకే జాతివి చిన్నవీ పెద్దవీ ఇరవై, ముప్పై చేరాక పొడవుకు ఎదురుగా బరువు పెట్టి గ్రాఫ్ గీయండి. గీత నిటారుగా పోకుండా పైకి వంగుతుంది. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. చేప తినని ఇళ్ళవాళ్ళు గ్రాఫ్ గీయడంలోనూ, పేర్లు సేకరించడంలోనూ సాయం చేయవచ్చు. వచ్చిన కొలతలన్నీ పట్టికగా చేసి, పంపినవారి పేరుతో సహా, వచ్చే సంచికలో వేయాలని మా ఆశ.